స్కై దీవికి ఏ పేరు నప్పుతుంది: రెక్కలా, మబ్బులా, పొగమంచా?

స్కాట్లాండ్ పడమటి తీరంలో స్కై అనే దీవి ఉంది. విస్కీ ఇష్టపడేవాళ్ళకి టాలిస్కర్ సీసా మీద కనపడే పేరు అది, కొండలెక్కేవాళ్ళకి కూలిన్ శిఖరాలున్న చోటు. ఇంగ్లీషులో ఆకాశానికీ ఈ దీవికీ ఒక్క అక్షరమే తేడా, తెలుగులో రాస్తే అదీ ఉండదు. ఈ దీవిని రెక్కల దీవి అంటారు, మబ్బుల దీవి అంటారు, పొగమంచు దీవి అని కూడా అంటారు. గ్లాస్గోలో ఉంటూ మూడుసార్లు వెళ్ళొచ్చినవాణ్ణి కాబట్టి, ఏది మేలో చెప్పే చనువు తీసుకుంటున్నాను.

రెక్కల పేరుకి చదువుకున్న పేరన్న గౌరవముంది. స్కాట్లాండ్ పాత భాష గేలిక్‌లో 'స్కియా' అంటే రెక్క. ఆ దీవిలోనే పుట్టిన మార్టిన్ మార్టిన్ 1703లో ఇదే రాశాడు: ఉత్తరాన వాటర్నిష్, ట్రాటర్నిష్ అనే రెండు భూభాగాలు సముద్రంలోకి రెక్కల్లా చాచుకుని ఉంటాయని. మ్యాప్ ముందేసుకుని చూస్తే నిజమే అనిపిస్తుంది. కానీ ఆ రెక్కలు కనపడాలంటే మనం గద్దలై పైన తిరగాలి. నేలమీద నడిచేవాడికి రెక్కా లేదు, పక్షీ లేదు. ఒక మలుపు తర్వాత ఇంకో మలుపు, రోడ్డుకి అడ్డంగా గొర్రెలు, అంతే.

మబ్బుల పేరు వినడానికి ఇంకా బావుంటుంది. స్కాండినేవియా నుంచి వచ్చిన సముద్రపు దండు వైకింగులు, వాళ్ళ నార్స్ భాషలో 'స్కీ' అంటే మబ్బు. ఇంగ్లీషులో ఆకాశానికి వాడే స్కై అనే మాట కూడా అక్కణ్ణుంచి వచ్చిందే. దీవి పేరు కూడా అదే అనుకుంటే కథ చక్కగా కుదురుతుంది. చిక్కల్లా తేదీల దగ్గర. వైకింగులు ఇటు పడవలేసుకొచ్చింది 8వ శతాబ్దం చివర్లో. రెండో శతాబ్దంలోనే భూగోళం రాసిన గ్రీకు పండితుడు టాలెమీ ఇక్కడి దీవుల్లో 'స్కెటిస్' అని ఒకదాన్ని రాసి పెట్టాడు, అది ఇదేనని చాలామంది అంటారు. అలాగైతే వైకింగులు పేరు పెట్టలేదు, ఉన్న పేరు వాళ్ళ చెవికి మబ్బులా వినపడింది. నేను దీన్ని పక్కన పెడతాను.

ఇక పొగమంచు. గేలిక్‌లో 'ఎలాన్ అ హ్యో'. పాటల్లోనూ టూరిస్టు బోర్డుల మీదా తిరిగే పేరే అయినా, 2007లో అక్కడి స్థానిక ప్రభుత్వం హైలాండ్ కౌన్సిల్ దీవికి సంబంధించిన వార్డుకి అధికారికంగా ఇదే పెట్టింది. దీవి పేరే మార్చేస్తున్నారని పేపర్లు గోల చేశాయి. మారింది వార్డు పేరొక్కటే.

ఈ పేరు ఎంత నిజమో మా నాన్న చెప్పాలి. గుంటూరు నుంచి వచ్చినప్పుడు ఆయన్ని ఓల్డ్ మ్యాన్ ఆఫ్ స్టార్ చూపిద్దామని తీసుకెళ్ళాను. సుమారు 50 మీటర్ల ఎత్తున నిటారుగా నిలబడ్డ రాతి స్తంభం. కారు దిగి ముప్పావుగంట ఎక్కాం. ముందు నడుస్తున్నవాడి ఎర్ర కోటు కనపడింది, కాసేపటికి అదీ లేదు. "ఏరా, అయిదు గంటలు కార్లో కూచుని వచ్చింది ఈ తెల్లగోడ చూడ్డానికట్రా?" అన్నారు. స్తంభం మాకు వంద అడుగుల లోపే ఉండి ఉంటుంది.

అట్లాంటిక్ మీంచి వచ్చే తేమగాలికి ఎదురుగా సముద్రంలోంచి నేరుగా లేచిన కొండలు అడ్డం పడతాయి. పైకెక్కిన గాలి చల్లబడి మబ్బై అక్కడే కూచుంటుంది. కూలిన్‌లో ఎత్తైన శిఖరం స్గుర్ అలాస్టర్ 992 మీటర్లే. మనకి అదో లెక్కా అనుకుంటాం గానీ, అక్కడ రాయికి అయస్కాంత గుణముండి దిక్సూచి అబద్ధం చెప్తుంది. దానికి పొగమంచు తోడైతే టెన్షన్ మామూలుగా ఉండదు.

మనవాళ్ళకి ఇంకో తిరకాసు. తెలుగులో మంచు అంటే గడ్డిమీద బొట్టూ అదే, హిమాలయాల మీద గడ్డకట్టిందీ అదే. 'మంచు దీవి' అని అనువదిస్తే ధ్రువపు ఎలుగుబంట్లు గుర్తొస్తాయి. పొగమంచు అనాల్సిందే. అలా అనగానే అనుకోకుండా విస్కీ కూడా పేరులోకి వచ్చేస్తుంది. మొలకెత్తిన బార్లీని పీట్ పొగలో ఆరబెట్టడం వల్లే టాలిస్కర్‌కి ఆ వాసన. పీట్ అంటే చిత్తడి నేలలో వేల ఏళ్ళుగా పేరుకున్న నాచూ గడ్డీ. గేలిక్ పేరులోని 'హ్యో' విడిగా 'క్యో', ఆ మాటకి కూడా మంచుతో పాటు పొగ అనే అర్థం ఉంది.

అయితే ఒక నిజం చెప్పాలి. 1830లో మకాస్కిల్ సోదరులు కార్బోస్ట్ ఊళ్ళో మొదలుపెట్టిన ఈ డిస్టిలరీ, 1972లో సొంతంగా బార్లీ మొలకెత్తించడం మానేసింది. అప్పట్నుంచీ పొగబెట్టిన బార్లీ ప్రధాన భూభాగం నుంచి లారీలో వస్తుంది. మంచు దీవిదే, పొగ మాత్రం బయటిది. నాన్న ఒక గుక్క తాగి, "మిరియాల చారులా గొంతులో పట్టుకుందిరా" అన్నారు. రుచి చూసే పండితులు కూడా ఎప్పుడూ మిరియమనే అంటారు. నేను డ్రైవర్ని కాబట్టి నా వాటా చిన్న సీసాలో పోసిచ్చారు.

పొగ విషయంలో ఐలా దీవి ముందు స్కై నిలవదు. అక్కడి విస్కీలు లఫ్రోయిగ్, ఆర్డ్‌బెగ్ మూత తీస్తే ఆస్పత్రి వరండా గుర్తొస్తుంది. హెబ్రిడీస్ అంటే ఈ పడమటి దీవులన్నీ; ఐలాకి 'హెబ్రిడీస్ రాణి' అని బిరుదు. ఈ దీవుల్ని ఏలిన 'దీవుల ప్రభువులు' 1493 దాకా ఏలింది ఐలాలోని ఫిన్లగన్ అనే చోటు నుంచే కాబట్టి హక్కు లేదనలేం. కానీ రాణి అన్న పేరు మరీ అరిగిపోయింది. ఊటీ కొండల రాణే, ముస్సోరీ కొండల రాణే. ఆ పేరు వింటే ఐలా ఎలా ఉంటుందో ఒక్క ముక్క తెలీదు.

పొగమంచు మీద ఒక ఫిర్యాదు న్యాయమైనది. మే నెలలో వెళ్ళినవాళ్ళకి నీలాకాశం దొరకొచ్చు, అప్పుడు పేరు అబద్ధమనిపిస్తుంది. నా మూడో ప్రయాణం అలాంటిదే; స్టార్ స్తంభం, దాని వెనక సముద్రం, అన్నీ కనపడ్డాయి. ఫోటో నాన్నకి పంపాను. ఆయన మాత్రం ఇప్పటికీ ఫ్యామిలీ గ్రూపులో అప్పటి తెల్లటి ఫోటోనే పెడుతుంటారు. "ఇందులో రాయి ఎక్కడుంది బావా?" అని మా మావయ్య అడిగితే, "వెనకాల ఉంది" అంటారు.