కరెంటు పోయినా కదిలే ఇంజను: స్టే అలైవ్‌తో నా అనుభవం

మోడల్ రైలు ఇంజనుకు పట్టాల నుంచి వచ్చే కరెంటు తెగినా కాసేపు నడిపించే చిన్న పరికరం స్టే అలైవ్. దాన్ని పెట్టుకున్నవాళ్లు మొదటి నెలలో రాసేదేదో నేనూ అప్పుడే రాసి ఉంటే ‘అద్భుతం, వెంటనే కొనండి’ అని ముగించేవాణ్ణి. రెండు వానాకాలాలు గడిచాక రాస్తున్నాను కాబట్టి కాస్త వేరుగా ఉంటుంది. అద్భుతమే, కాదనను. కానీ నా వ్యాగ్-5 (గూడ్స్ లాగే కరెంటు ఇంజను) నమూనాను నాలుగడుగుల ఎత్తు నుంచి టైల్స్ మీదికి తోసింది కూడా అదే.

మా ఇల్లు విశాఖలో, లాసన్స్ బే కాలనీలో. సాయంత్రం కిటికీ తెరిస్తే సముద్రపు గాలి మనుషులకు హాయిగానే ఉంటుంది, పట్టాలకే గిట్టదు. కిటికీ ఊచలకు ఏటా రంగు వేయించినా పెచ్చులూడుతూనే ఉంటాయి. రాగి, నికెల్, జింకు కలిసిన మన పట్టాలు ఇనుములా తుప్పు పట్టవన్నది నిజమే. అయినా పైన పల్చటి నల్లటి పొర పేరుకుంటుంది. చక్రానికీ పట్టాకూ మధ్య అది అడ్డుపడినప్పుడల్లా కంటికి కనపడనంత నిప్పురవ్వ పుడుతుంది, ఆ రవ్వతో మరికాస్త మసి చేరుతుంది. ఇంజను తడబడుతుంది, లైటు ఆరి వెలుగుతుంది. అన్నిటికన్నా నాకు చిరాకు తెప్పించేది చప్పుడు. హారన్ సగంలో తెగిపోయి, బ్లోయర్లు (ఇంజనును చల్లబరిచే ఫ్యాన్లు) మళ్లీ మొదటి నుంచి తిరగడం మొదలుపెడతాయి. ఘాట్ మధ్యలో ఖనిజం రైలు లాగుతున్న ఇంజను అప్పుడే షెడ్డులోంచి బయటికి వస్తున్నట్టు శబ్దం చేస్తే ఇక ఏం నమ్ముతాం?

పైగా నేను ఇంట్లో కట్టుకున్నది కొత్తవలస–కిరండూల్ లైను నమూనా. అసలు లైనులో 58 సొరంగాలు, నా గదిలో మూడు గోడలకు పట్టినన్ని. శిమిలిగూడ స్టేషను అక్కడ దాదాపు 996 మీటర్ల ఎత్తున ఉంటుంది, నా దగ్గర బల్ల మీద జానెడు ఎత్తున. ఇంజను ఆరుబయట ఆగితే వేలితో తోయవచ్చు. సొరంగంలో ఆగితే బల్ల కింద దూరి, వెనక పలక తీసి, చెయ్యి పెట్టి వెతుక్కోవాలి. నా మోకాళ్లు ఆ పనికి ఒప్పుకునే రోజులు పోయాయి. ఈ పరికరం కొనడానికి అసలు కారణం అదే, ఇంజనీరింగు మీద మోజు కాదు.

బిగించడం కష్టమేమీ కాలేదు. విదేశీ ఇంజను కింది భాగం మీద త్రీడీ ప్రింట్ బాడీ తొడిగి చేసుకున్న వ్యాగ్-5 కాబట్టి లోపల చోటు దండిగా ఉంది. ఒక్కొక్కటి 2.7 వోల్టులు తట్టుకునే సూపర్ కెపాసిటర్లను వరుసగా కలిపి కట్టిన చిన్న మూట అది. డీకోడర్‌కు (కంట్రోలర్ నుంచి పట్టా మీదుగా వచ్చే ఆజ్ఞలు చదివి ఇంజనును నడిపే చిప్పు) తగిలిస్తే పట్టా నుంచి కరెంటు వస్తున్నంతసేపూ నిండుతుంది, రాని క్షణాన తను ఇస్తుంది. తొలిరోజు విజిటింగ్ కార్డులను పట్టాల మీద వరుసగా పరిచి ఇంజనును వాటి మీదుగా నడిపించాను. చక్రాలన్నీ అట్ట మీదే ఉన్నాయి, ఒక్కటీ లోహాన్ని తాకడం లేదు. అయినా లైటు చెక్కుచెదరలేదు, చప్పుడు తెగలేదు. మా ఆదివారం బృందంలో లోకో పైలట్‌గా రిటైరైన గురువుగారు ఒకరున్నారు. ఆయన కళ్లజోడు సవరించుకుని, ‘ఇది న్యూట్రల్ సెక్షన్ దాటడమేనయ్యా’ అన్నారు. అసలు లైనులో 25 కిలోవోల్టుల తీగ రెండు సబ్‌స్టేషన్ల మధ్య కొంత మేర ఖాళీగా ఉంటుంది. 500 మీటర్ల ముందు ఒక బోర్డు, 250 మీటర్ల ముందు మరొకటి కనిపిస్తాయి. అక్కడ పైలట్ డీజే (ఇంజను మెయిన్ సర్క్యూట్ బ్రేకరు) తెరిచి, ఉన్న ఊపుతోనే అవతలికి దాటిస్తాడు. ఆయనకు మా పరికరాలు ఏవీ ఒక పట్టాన నచ్చవు. బ్రాడ్‌గేజ్‌లో పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు కదా, మీ 1:87 స్కేలులో 19 మిల్లీమీటర్ల పైన రావాలి కదా, మీరు 16.5 మీద నడుపుతూ వైజాగ్ రైలంటారేమిటని వచ్చినప్పుడల్లా దెప్పుతారు. అలాంటి మనిషి మెచ్చుకున్నాడంటే నాకు నెల రోజులు నేల మీద కాలు ఆనలేదు.

పట్టాలు తుడిచే బాధ తప్పిందని అప్పట్లో అందరికీ చెప్పాను. తప్పిందనడం కన్నా తగ్గిందంటే సరిగ్గా ఉంటుంది. మసి ఎక్కడికీ పోలేదు, ఇంజను ఇప్పుడు దాన్ని మనకు చెప్పడం మానేసింది, అంతే. తడబాటు లేదు కాబట్టి తుడవాలని గుర్తు రాదు. చివరికి చక్రాల అంచుల్లో గట్టిపడి గీకవలసి వస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గుడ్డతో తుడవడం ఇప్పుడు క్యాలెండర్ చూసుకుని చేస్తున్నాను. మరొక సంగతి, ముంత మసాలా తిన్న చేతులతో పట్టాలు ముట్టుకునే మిత్రులున్నంత కాలం ఏ కెపాసిటరూ ఎవరినీ కాపాడలేదు. మా గదిలోకి ఇప్పుడు టీ తప్ప ఏదీ రాదు.

ఆ టీ రాబట్టే అసలు కథ జరిగింది. గది తలుపుకు అడ్డంగా నా లేఅవుట్‌లో, అంటే బల్ల మీది ఈ రైల్వేలో, ఒక వంతెన ఉంది, ఎత్తి పక్కన పెట్టుకునే పలక. దాన్ని ఎత్తగానే అటూ ఇటూ అడుగున్నర చొప్పున పట్టాలకు కరెంటు ఆగిపోయేలా కింద స్విచ్చు ఉంటుంది. ఏ రైలైనా అటు వస్తే అంచు చేరకముందే నిలిచిపోవాలి. ఎత్తే వంతెన ఉన్నవాళ్లు చాలామంది పెట్టుకునే ఏర్పాటే ఇది, ఏళ్ల తరబడి ఒక్కసారి కూడా మోసం చేయలేదు. ఆ ఆదివారం బాక్స్‌ఎన్ వ్యాగన్ల నిండా ఖనిజంతో రైలు అరకు వైపు నుంచి దిగుతోంది. (ఖనిజం కోసం భీమిలి నల్ల ఇసుక మాత్రం వాడకండి. అందులో ఇనుము పాలు ఎక్కువ, మోటారు అయస్కాంతం దాన్ని లోపలికి లాక్కుంటుంది.) మేము మాటల్లో ఉన్నాం. ఒకాయన కొడుక్కి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది, జీతం సగం అద్దెకే పోతోందట. ఇంకొకాయన ఫ్లాటు మారుతున్నాడు, కొత్త ఇంట్లో లేఅవుట్‌కు బాల్కనీ తప్ప చోటు లేదు, ఆ బాల్కనీ మీద ఇంటావిడ తులసి కోట పేరిట ఇప్పటికే హక్కు ప్రకటించిందట. ఇంతలో మా అత్తగారు టీ పళ్లెంతో వచ్చారు. ఆవిడ వంగి దూరలేరు కాబట్టి ఎప్పటిలాగే వంతెన ఎత్తాం.

సొరంగంలోంచి వ్యాగ్-5 బయటికి వచ్చింది. కరెంటు లేని పట్టా మీదికి ఎక్కాక హెడ్‌లైటు ఆరాలి. ఆరలేదు. నింపాదిగా, హారన్ కూడా మోగించుకుంటూ అంచు దాటింది. వెనకే రెండు వ్యాగన్లు వెళ్లాయి, మూడోదాని కప్లింగ్ ఊడబట్టి మిగతావి నిలిచాయి. చేతులు చాచేలోపు అంతా అయిపోయింది. పాంటోగ్రాఫ్ (పై తీగను అందుకునే చట్రం) ఒకటి మంచం కిందికి జారింది, క్యాబు మూల విరిగింది. ఇంజను పక్కకు ఒరిగి పడి కూడా చక్రాలు తిప్పుతూనే ఉంది, బ్లోయర్లు మోగుతూనే ఉన్నాయి. అత్తగారు పళ్లెం దించకుండానే, ‘ఇంకా తిరుగుతోంది బాబూ, ఎవరైనా ఆపండి’ అన్నారు. ఆపడానికి తీయవలసిన కరెంటు ఏదీ లేదు మరి. అది దాని పొట్టలోనే ఉంది. ‘న్యూట్రల్ సెక్షన్ దాటించవయ్యా అంటే ఏకంగా వంతెన లేకుండానే దాటించేశావే’ అన్నారు గురువుగారు. అప్పుడు నాకు నవ్వు రాలేదు.

లెక్క వేసి చూస్తే ఇందులో వింతేమీ లేదు. గంటకు 60 కిలోమీటర్ల స్కేలు వేగమంటే 1:87లో సెకనుకు 19 సెంటీమీటర్లు. నా మూట నిండుగా ఉంటే మూడు సెకన్లు సునాయాసంగా లాగుతుంది, అంటే 57 సెంటీమీటర్లు. నేను కరెంటు తీసిన మేర 45. పట్టా మీద కరెంటు లేకపోతే ఆజ్ఞ కూడా చేరదు కాబట్టి డీకోడర్ చివరిగా విన్న మాటే పట్టుకుని పోతుంది. కంట్రోలర్ మీద ఆపే మీట నొక్కితే సంకేతం పట్టా మీదుగానే వెళుతుంది గనక ఆగుతుంది. మొత్తం కరెంటే తీసేస్తే ఆగదు. నాకు కోపం దీని మీదే. ఈ ఒక్క ముక్క, ‘కరెంటు తీయడం ఇకపై బ్రేకు కాదు’ అని, పెట్టెలో వచ్చిన నాలుగు భాషల కాగితంలో ఒక్క భాషలోనూ లేదు. తీగల రంగుల గురించి మాత్రం పేజీలకు పేజీలు ఉంది.

తరువాత చేసినవి చెబుతాను, ఎవరికైనా పనికొస్తాయి. డీకోడర్‌లో మనం మార్చుకోగల సెట్టింగులను సీవీలంటారు. నా డీకోడర్‌లో 113వ సీవీ ఈ వ్యవధిని నిర్ణయిస్తుంది. ఒక్కో అంకెకు దాదాపు 33 మిల్లీసెకన్లు. దాన్ని 15కు తగ్గించాను, అర సెకను. ఇప్పుడు ఇంజను పది సెంటీమీటర్ల లోపే కరెంటు వదిలేస్తుంది. అన్ని డీకోడర్లలో ఇదే నంబరు ఉండదు. అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ ప్రమాణాల్లో 11వ సీవీ ఇలాంటి పనికే ఉంది, మీ డీకోడర్ దాన్ని పాటిస్తుందో లేదో ముందు చూసుకోండి. 29వ సీవీలో పాత డీసీ నడకను (ఆజ్ఞలు లేకుండా మామూలు డీసీ కరెంటు మీద నడవడాన్ని) కూడా తీసేయాలి. చిన్న అడ్రసు (ఇంజనుకు ఇచ్చే నంబరు) వాడేవాళ్లకు అందులో సాధారణంగా 6 ఉంటుంది, దాన్ని 2 చేస్తే చాలు. లేకపోతే సంకేతం పోయినప్పుడు మిగిలిన కరెంటును చూసి డీకోడర్ తాను డీసీ లేఅవుట్ మీద ఉన్నాననుకుని పరుగెత్తే ప్రమాదం ఉంది.

అయితే అర సెకనుకు తగ్గించాక మొదటి నెలల మురిపెం కొంత తగ్గింది. మెయిన్ లైను మీద తేడా తెలియదు. యార్డులో నత్తనడకన షంటింగ్ చేస్తుంటే మాత్రం పాయింట్ల (రైలును దారి మళ్లించే పట్టాల) దగ్గర ప్లాస్టిక్ ముక్క మీద పాత తడబాటు అప్పుడప్పుడు తొంగిచూస్తోంది. అందుకని వంతెన వైపు ఎన్నడూ వెళ్లని షంటింగ్ ఇంజనుకు పూర్తి వ్యవధి ఉంచాను, ఘాట్ ఎక్కేవాటికి అర సెకను.

మిగతా చిరాకులు చిన్నవి. సెట్టింగుల కోసం విడిగా ఉంచే ప్రోగ్రామింగ్ ట్రాక్ మీద సీవీలు చదవబోతే ఒక్కోసారి తప్పు చూపిస్తుంది, అందుకే మెయిన్ లైను మీదే రాస్తున్నాను. స్టే అలైవ్ ఉన్న ఇంజన్లన్నీ ఒకేసారి నిండటం మొదలుపెడితే పట్టాలకు కరెంటు ఇచ్చే బూస్టర్ షార్ట్ అనుకుని ఆగిపోతుంది, ఒక్కొక్కటిగా పట్టా ఎక్కించాలి. జోడు ఇంజన్లలో ఒకదానికే ఇది ఉంటే రెండోది తడబడిన చోట మొదటిది దాన్ని ఈడ్చుకుపోతుంది. కాబట్టి పెడితే రెండిటికీ పెట్టాలి, ఖర్చూ రెట్టింపే.

కొనాలా అని అడిగితే, నాలా ఉప్పుగాలిలో, చెయ్యి దూరని సొరంగాలతో, అరిగిన మోకాళ్లతో ఉన్నవాళ్లు కొనుక్కోండి. హైదరాబాదులోనో అనంతపురంలోనో పొడిగాలిలో, అంతా కంటి ఎదుటే ఉన్న చిన్న లేఅవుట్ అయితే ఆ డబ్బు పాయింట్లకు వైర్లు సరిగ్గా వేయడానికి పెట్టడం మేలని నాకు అనిపిస్తుంది. ఎత్తే వంతెన ఉంటే సీవీలను నమ్ముకుని ఊరుకోవద్దు. ఘాట్ సెక్షన్లలో క్యాచ్ సైడింగులు (అదుపు తప్పిన రైలును మళ్లించి ఆపే పక్క దారులు) ఎందుకు పెడతారో గురువుగారు మరో ఆదివారం సుదీర్ఘంగా చెప్పారు. దాని ఫలితంగా వంతెన ఎత్తగానే రెండు వైపులా పట్టాకు అడ్డంగా లేచే చెక్క ముక్కలు అమర్చుకున్నాను. కొత్తగా కడుతున్న డబ్ల్యూడీజీ-3ఏ డీజిల్ ఇంజనుకు కూడా స్టే అలైవ్ తెప్పించాను, సీవీలు ముందే మార్చి ఉంచాను. బాడీకి రంగు ఆరడమే ఆలస్యం, ఈ తేమలో దానికి ఎన్నాళ్లు పడుతుందో చూడాలి.