మడేరా లోయ నుంచి అపాచీ కనుమ దాకా

దక్షిణ అరిజోనాలో 1860లో అపాచీ అనే ఆదివాసులకు బందీగా చిక్కిన లార్సీనా పేజ్ అనే యువతి కథ జరిగిన చోట్లు చూడాలనుకునే మన తెలుగు కుటుంబాలకు ముందుగా ఒక మాట: పాత రాంచ్‌లో బస, విందు, చరిత్ర షికారు కలిపి అమ్మేవారికి డబ్బు కట్టకండి. మేము గదికి 189 డాలర్లు, దానిపై సౌకర్యాల రుసుము 25, భోజనానికి మనిషికి 38, జీపులో తిప్పుతూ కథ చెప్పినందుకు మనిషికి 45 చెల్లించాం. శాకాహారి అయిన మా అత్తగారి సంగతి బుకింగ్ నాడే చెప్పినా, పందిమాంసం వేసి ఉడికించిన చిక్కుడు గింజలు వడ్డించి, ముక్కలు ఏరి పక్కన పెట్టుకోమన్నారు. ఆవిడ ఒక కాల్చిన బంగాళాదుంపతో సరిపెట్టుకుని, మర్నాడు టూసాన్ చేరేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

అంతకన్నా నన్ను బాధపెట్టింది ఆ గైడు చెప్పిన కథ. లార్సీనాను పేరుమోసిన అపాచీ యోధుడు జెరోనిమో ఎత్తుకుపోయాడనీ, భర్త వీరోచితంగా పోరాడి విడిపించాడనీ ఆయన చెప్పాడు. ఈ రెండూ అబద్ధాలే. 1860 మార్చిలో సాంటా రీటా కొండల్లోని కలప శిబిరం నుంచి ఆమెనూ, మెర్సిడెస్ అనే చిన్నపిల్లనూ పట్టుకుపోయింది టోంటో అపాచీలు. జ్వరంతో నీరసించి నడవలేకపోతున్న 23 ఏళ్ల లార్సీనాను ఈటెలతో పొడిచి, వాలు మీదికి తోసి, చనిపోయిందనుకుని వదిలేశారు. భర్త జాన్ పేజ్, తక్కినవాళ్లు వెతికినా ఆమె దొరకలేదు; గడ్డి తింటూ, మంచు కరిగిన నీళ్లు తాగుతూ, రెండు వారాలకు పైగా పాకి తనంతట తానే శిబిరానికి చేరింది. అంతటి ప్రాణశక్తిని తీసి భర్త ఖాతాలో వేయడం నేను క్షమించలేను. ఇక మెర్సిడెస్ పేరైనా ఆ గైడు ఎత్తలేదు. అమెరికా సైనిక కోట ఫోర్ట్ బుకానన్ అధికారి రిచర్డ్ యూవెల్ అపాచీలతో మాట్లాడి, తమ దగ్గర బందీలుగా ఉన్న అపాచీలను ఇచ్చి ఆ పిల్లను వెనక్కి తెచ్చాడు.

ఆ సాంటా రీటా కొండల్లోనే ఉన్న మడేరా లోయ మాత్రం సొంతంగా వెళ్లి చూడవలసిన చోటు. టూసాన్‌కు దక్షిణాన ఓక్ చెట్ల నీడలో నడుస్తూ, పైనున్న రైట్‌సన్ శిఖరం వైపు చూస్తే, చెప్పులు కూడా లేకుండా ఆమె ఎక్కడెక్కడ పాకి ఉంటుందోనని మనసు కలత చెందుతుంది. టూసాన్‌లో రోజు హాయిగా గడిచింది. ఆమె పుట్టింటివారి పేరున్న పెన్నింగ్టన్ వీధిలో కాసేపు నడిచాం.

మా ప్రయాణంలో నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చింది అపాచీ కనుమలోని పాత సైనిక కోట ఫోర్ట్ బౌవీ. ప్రవేశం ఉచితం. కారు నిలిపిన చోటు నుంచి శిథిలాల దాకా ఒకటిన్నర మైళ్ల కాలిబాట. దారిలో పాత గుర్రపుబండ్ల మజిలీ, శ్మశానం, అపాచీ ఊట వస్తాయి. 1861 జనవరిలో సోనోయిటా వాగు దగ్గరి జాన్ వార్డ్ రాంచ్ నుంచి ఫెలిక్స్ అనే బాలుణ్ని అపాచీలు తీసుకుపోతే, అదే ఫోర్ట్ బుకానన్ నుంచి లెఫ్టినెంట్ బాస్కమ్ సైనికులతో ఇక్కడికి వచ్చాడు. పిల్లవాణ్ని తాము ఎత్తుకుపోలేదనీ, వెతికిస్తాననీ అపాచీల నాయకుడు కొచీస్ చెప్పినా వినక నిర్బంధించబోతే, ఆయన గుడారం కోసుకుని తప్పించుకున్నాడు. తర్వాత రెండు వైపులా బందీలను చంపారు. కొచీస్ సోదరుణ్ని ఉరితీశారు. ఏడాది కిందట మాటలతో ఒక పిల్ల తిరిగి వచ్చింది. ఈసారి ఓపిక పట్టకపోవడంతో మొదలైన యుద్ధం 1872లో కొచీస్‌తో సంధి కుదిరేదాకా సాగింది. లార్సీనా భర్త 1861లోనే, తండ్రి, ఒక తమ్ముడు 1869లో అపాచీల చేతుల్లో చనిపోయారు. ఇరుపక్షాల దుఃఖాన్నీ సమానంగా చెప్పిన అక్కడి రేంజరును మావారు గంటసేపు ప్రశ్నలు అడుగుతూనే ఉన్నారు.

విల్‌కాక్స్ వైపు నుంచి వెళ్తే చివర కొంత మట్టిరోడ్డు ఉంటుంది కనుక వాన పడిన రోజు వద్దు. వేసవిలో తెల్లవారగానే నడక మొదలుపెట్టి, మనిషికి రెండు లీటర్ల నీళ్లకు తక్కువ కాకుండా పట్టుకెళ్లండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారిని తీసుకెళ్తుంటే ముందే ఫోన్ చేయండి. నడవలేనివారికి శిథిలాల దగ్గరి దాకా కారులో వెళ్లే దారి చెబుతారు.