షుగరు మందుల సందేహాలు: డాక్టరా, మందుల షాపా, క్లినికల్ ఫార్మసిస్టా?

విశాఖలో షుగరు ఉన్న బంధువులు, స్నేహితులు తరచూ అడిగే మాట ఒకటే: డాక్టరు గారు చూశారు, మందులు రాశారు, మళ్లీ క్లినికల్ ఫార్మసిస్టు (మనం మందులు వాడే తీరు చూసి, సరిదిద్ది చెప్పే ఆసుపత్రి మందుల నిపుణుడు) దగ్గర కూర్చోవడం ఎందుకు? సందేహం వస్తే వీధి చివర మందుల షాపు లేదా?

ఏ మందు, ఎంత మోతాదు అన్నది తేల్చాల్సింది డాక్టరే. అందులో పోటీ లేదు. కానీ శ్రీకాకుళం నుంచి కూడా జనం వచ్చే కేజీహెచ్ లాంటి పెద్ద ప్రభుత్వాసుపత్రిలో ఓపీలో కూర్చున్న డాక్టరుకు, ఒక్కొక్కరి చేత ఇన్సులిన్ సూది వేయించి చూసే తీరిక ఎక్కడిది? మందుల షాపు దగ్గర్లో ఉంటుంది, రాత్రి పదింటికైనా మందు దొరుకుతుంది. అయితే అక్కడ చీటీ చూస్తారు, మనిషిని చూడరు.

నా మటుకు తేల్చేది ఇదే: మీరు ఇన్సులిన్ తీసుకునే తీరు కళ్లారా చూసేది ఎవరు? మన దగ్గర సీసా ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉంటుంది, దానికి ఎర్ర మూత సిరంజి వాడాలి. 100 యూనిట్ల ఇన్సులిన్‌కు నారింజ రంగు మూత సిరంజి వేరు. 40 యూనిట్ల సీసాలోని మందును నారింజ మూత సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లే. 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజితో అదే గీతకు లాగితే 50. మొదటి సందర్భంలో షుగరు దిగదు, మందు చాలడం లేదని మోతాదు పెంచుతారు. రెండో సందర్భంలో మనిషే పడిపోతాడు. చీటీలో మాత్రం రెండుసార్లూ 20 అనే ఉంటుంది! సిరంజి తెచ్చి చూపించమని అడిగే క్లినికల్ ఫార్మసిస్టులకే ఈ తప్పు దొరుకుతుంది. రోజూ ఒకేచోట పొడిచి గట్టిపడిన చర్మాన్ని వేలితో తడిమి చూసేదీ వాళ్లే.

వోగ్లిబోస్ అనే షుగరు మాత్ర సంగతీ అంతే. పంచదార అరగడాన్నే ఆ మాత్ర ఆలస్యం చేస్తుంది కాబట్టి, దాన్ని వాడుతున్నవారికి షుగరు పడిపోతే గ్లూకోజు పొడి ఇవ్వాలి, పంచదార నీళ్లను నమ్ముకోకూడదు. ఇక 2014లో హుద్‌హుద్ తుపాను తరువాత రోజుల తరబడి కరెంటు లేని ఊరు మనది. అలాంటప్పుడు ఇన్సులిన్ సీసా తడవకుండా మట్టికుండ చల్లదనంలో దాచుకోవచ్చని తుపానుకు ముందే చెప్పేవారు ఉండాలి.

యూట్యూబు వీడియోలో సూది వేయడం చూడవచ్చు, మీ చేతిని అది చూడదు. డైటీషియన్ తిండి వరకే.

చిక్కల్లా క్లినికల్ ఫార్మసిస్టు దొరకడంలోనే ఉంది. వాళ్లను తయారుచేసే ఆరేళ్ల ఫార్మ్‌డీ కోర్సు మన దేశంలో 2008లోనే మొదలైంది. అయినా చిన్న క్లినిక్కుల్లో ఇలాంటివారు అరుదు, పెద్దాసుపత్రుల్లో, బోధనాసుపత్రుల్లో అడిగి చూడాలి. మోతాదు మార్చే అధికారం వాళ్లకు లేదు, తేడా కనిపిస్తే డాక్టరుకు చెబుతారు.

వెళ్లేటప్పుడు చీటీ ఒక్కటే సరిపోదు. సిరంజి లేదా పెన్ను, ఇంట్లో వాడుతున్న మాత్రలన్నీ, మోకాళ్ల నొప్పికి ఎవరో ఇచ్చినవి కూడా సంచిలో వేసుకుని వెళ్లండి. వాటిలో స్టెరాయిడ్ ఉంటే షుగరు ఎందుకు దిగడం లేదో అక్కడే తేలుతుంది.