ఐరాస మానవహక్కుల కమిటీకి వ్యక్తిగత ఫిర్యాదు: ఎంతవరకు పనికొస్తుంది?

ప్రభుత్వమే అన్యాయం చేసి, సొంత దేశపు కోర్టులూ తలుపు మూసేశాక మిగిలే దారుల్లో ఇదొకటి. ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. అయితే 1966 నాటి ఐచ్ఛిక ప్రోటోకాల్‌లో (పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒప్పందానికి అనుబంధం, ఇష్టమైన దేశాలే చేరేది) చేరిన దేశాలపైనే ఫిర్యాదు తీసుకుంటారు. భారత్ చేరలేదు. ముందు అది చూసుకోవాలి.

బాగా దెబ్బతీసేది అప్పీళ్ల నిబంధన. దేశంలో అందుబాటులో ఉన్న అప్పీళ్లన్నీ పూర్తిచేసి, ప్రతి తీర్పు నకలూ తేదీల వరుసలో జతచేయాలి. చివరి తీర్పు వచ్చి 5 ఏళ్లు దాటితే ఆలస్యానికి గట్టి కారణం చూపాలి. పేరు లేని ఫిర్యాదు చెల్లదు. పేరు బయటపెట్టొద్దని మాత్రం కోరవచ్చు. మరణశిక్షో, చిత్రహింసలున్న దేశానికి పంపేయడమో ముంచుకొస్తుంటే తాత్కాలిక రక్షణ కావాలని మొదట్లోనే స్పష్టంగా అడగండి. ఈ సేవలో అన్నిటికన్నా విలువైనది ఇదే.

నిర్ణయానికి ఏళ్లు పడుతుంది. గెలిచినా, అమలు చేయించే బలగం కమిటీకి లేదు. ఏం చర్య తీసుకున్నారో 180 రోజుల్లో చెప్పమని ప్రభుత్వాన్ని అడుగుతుంది. పరిహారం చేతికి రాకపోవచ్చు. కానీ తప్పు రాజ్యానిదేనని రికార్డులోకి ఎక్కుతుంది. దాని ఆధారంగా కేసు తిరగదోడే వీలు కొన్ని దేశాల్లో ఉంది.