పదిమంది ఇంట్లో ఐదు లీటర్ల టిల్టింగ్ గ్రైండర్: ఇన్నేళ్ల వాడకం తర్వాత

ఇంట్లో ఆరేడుగురికి మించి ఉండి, వారంలో సగం రోజులు ఇడ్లీ, దోశలే టిఫిన్ అయితే టేబుల్ టాప్ గ్రైండర్ జోలికి పోవద్దు. డ్రమ్మునే వంచి పిండి దింపుకునే ఐదు లీటర్ల టిల్టింగ్ గ్రైండరే కొనండి. చిన్న కుటుంబమైతే దీని అవసరమే లేదు. ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో కింద వివరంగా రాస్తాను.

మాది కావలి. అత్త, మామ, మరిది, మేమిద్దరం, మా ఐదుగురు పిల్లలు. పెద్దమ్మాయి ఒకటో తరగతిలో చేరిన ఏడు నెల్లూరు ట్రంకురోడ్డులో ఈ గ్రైండర్ కొన్నాం. ఇప్పుడది పదో తరగతి చదువుతోంది. ఈ మధ్యలో రెండు మిక్సీలు పోయాయి, గ్యాస్ పొయ్యి ఒకటి మారింది. గ్రైండర్ మాత్రం అదే.

ముందు అసలు లాభం గురించి. పిండి బాగుంటుందని అందరూ చెబుతారు, అది నిజమే. కానీ పిల్లల తల్లికి అంతకన్నా పెద్ద లాభం ఇంకొకటుంది: ఇది తిరుగుతున్నంత సేపూ మన చేతులు ఖాళీగా ఉంటాయి. మిక్సీలో రెండు కిలోల గింజలు రుబ్బాలంటే జారు తర్వాత జారు వేస్తూ, మూత పట్టుకుని అక్కడే నిలబడాలి. మధ్యలో మోటారు వేడెక్కితే ఆపి కూర్చోవాలి. దీంట్లో అట్లా కాదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక పప్పు, బియ్యం వేరువేరుగా నానేస్తాను. సాయంత్రం పిల్లలు బడి నుంచి వచ్చాక పప్పు వేసి స్విచ్ నొక్కుతాను. పప్పుకు అరగంట, బియ్యానికి ఇంకో అరగంట. ఆ గంటలో చిన్నోడి స్నానం అవుతుంది, మూడోదాని ఎక్కాలు అప్పజెప్పించుకోవడం అవుతుంది, రాత్రికి కూర పొయ్యి మీదికి ఎక్కుతుంది. మధ్యమధ్యలో వచ్చి గుప్పెడు నీళ్లు చల్లిపోతే చాలు. పిల్లలు ఎక్కువమంది ఉన్న ఇంట్లో సాయంత్రం ఆరు నుంచి ఏడు వరకు ఉండే ఒత్తిడి ఎట్లాంటిదో ఆ తల్లికే తెలుస్తుంది. ఆ గంటను నాకు మిగిల్చిన వస్తువు ఇది. వాషింగ్ మెషిన్ కంటే ముందు దీన్నే కొనమని చెల్లెలికి కూడా చెప్పాను.

మా అత్త రుబ్బురోలు మీద చేయి తిరిగిన మనిషి. వరండాలో కూర్చుని మాల కట్టుకుంటూనే లోపలి శబ్దం విని చెప్పేస్తుంది, "అమ్మాయ్, పప్పు నలిగింది, ఇంక బియ్యం ఎయ్" అని. మొదట గరగరమని ఉన్న శబ్దం పప్పు ఉబ్బేకొద్దీ మెత్తబడుతుంది. నాకు ఆ చెవి రావడానికి చాలా రోజులు పట్టింది. కొత్తవాళ్లకు సులువైన గుర్తు ఒకటుంది: కొంచెం పిండి తీసి గ్లాసు నీళ్లలో వెయ్యండి, తేలితే అయినట్టు. మినప్పిండిలో గాలి చేరి నిలబడితేనే అట్లా తేలుతుంది. మిక్సీ బ్లేడు వేగానికి పిండి వేడెక్కుతుంది, ఆ గాలీ అంతగా నిలవదు. రాయి నిదానంగా తిరుగుతుంది కాబట్టి పిండి చల్లగా ఉండి బాగా పొంగుతుంది. ఒకే పప్పు, ఒకే కొలత, మిక్సీలో వేసినప్పటి కంటే గ్రైండర్‌లో వేసినప్పుడు గిన్నెలో పిండి ఎక్కువ కనిపిస్తుంది. రోహిణి కార్తెలో మాత్రం మామూలు నీళ్లకు బదులు ఫ్రిజ్ నీళ్లు చల్లుతాను. లేకపోతే ఆ ఎండలకు పిండి రాత్రి పడుకునేలోపే పులిసిపోతుంది.

లీటర్ల లెక్క గురించి షాపులో ఎవరూ సరిగ్గా చెప్పరు. ఐదు లీటర్లంటే రుబ్బిన పిండి లెక్క. నానెయ్యక ముందు గింజలైతే సుమారు రెండు కిలోలు. కిలో గింజల పిండికి ముప్పైకి పైగా దోశలు వస్తాయి. అంటే మా ఇంట్లో ఒక వాయి వేస్తే రెండు పొద్దుల టిఫిన్. అదే రెండు లీటర్ల టేబుల్ టాప్ అయితే ముప్పావు కిలోకు మించి పట్టదు, రోజూ రుబ్బుతూనే ఉండాలి. పైగా పిండితో ఉన్న ఆ గిన్నెను రాయితో సహా ఎత్తి వంచాలి. ఐదు కాన్పులయిన నడుముకు అది పెద్ద శిక్ష. టిల్టింగ్‌లో లాక్ తీసి హ్యాండిల్ వంచితే పిండి నేరుగా గిన్నెలోకి జారుతుంది. కడగడం కూడా ఇదే పద్ధతి: చెంబుడు నీళ్లు పోసి ఒక నిమిషం తిప్పి, బకెట్లోకి వంచడమే. ఆ కడుగు నీళ్లు మా పక్కింటి గేదె కుడితి తొట్లోకి పోతాయి.

ఒక ఇబ్బంది మన వైపు వాళ్లకే వస్తుంది. ఈ గ్రైండర్లకు పుట్టిల్లు కోయంబత్తూరు. కోయంబత్తూరు వెట్ గ్రైండర్‌కు 2005-06లోనే జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకు అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) వచ్చింది. తమిళనాడులో ఇడ్లీకి బియ్యం కూడా రుబ్బుతారు కాబట్టి డ్రమ్ము నిండుతుంది. మనం ఇడ్లీకి మినప్పప్పు ఒక్కటే రుబ్బి, రవ్వ కడిగి పిండి అందులో కలుపుతాం. మా పదిమందికి ఇడ్లీ వెయ్యాలన్నా పప్పు అర కిలో కూడా ఉండదు. అంత తక్కువ వేస్తే పప్పు డ్రమ్ము అంచులకు అతుక్కుపోయి రాళ్లు ఊరికే తిరుగుతాయి. అందుకే నేను రెండింతల పప్పు ఒకేసారి వేస్తాను. సగం ఇడ్లీకి తీసి, మిగతా సగం డ్రమ్ములోనే ఉంచి బియ్యం కలిపి దోశ పిండి చేస్తాను. కొన్నిసార్లు ఆ సగాన్ని గారెలకు తీసి పెడతాను. గారెల పిండికి నీళ్లు చాలా తక్కువ చల్లాలి, కాబట్టి అంచులకు అంటిన పిండిని చెక్క గరిటెతో లోపలికి నెడుతూ దగ్గరుండి చూసుకోవాలి. సంక్రాంతికి ఆడపడుచులు వచ్చినప్పుడు ఇరవైమందికి గారెలు దీంతోనే. మినపగుళ్ల కంటే పొట్టు మినప్పప్పు కడిగి వేస్తే రుచి ఎక్కువ, కానీ బడి రోజుల్లో అంత పొట్టు కడిగే తీరిక నాకు లేదు.

దోశకు మా ఇంట్లో స్టోరు బియ్యమే (రేషన్ బియ్యం) వాడతాం. మూడు పాళ్లు బియ్యం, ఒక పాలు పప్పు, చెంచాడు మెంతులు, గుప్పెడు అటుకులు. ఆ బియ్యంలో తెల్లగా తేలే గింజలు చూసి ప్లాస్టిక్ బియ్యమని మా వీధిలో చాలామంది ఏరి పారేసేవాళ్లు. అవి బియ్యప్పిండికే ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపి చేసిన గింజలు, వందకు ఒకటి చొప్పున కలిపినవి. పిల్లలకు మంచివి. నానిన తర్వాత మామూలు బియ్యంతో పాటే నలిగిపోతాయి.

ఎర్రకారం మాత్రం దీంట్లో రుబ్బకండి. నెల్లూరు కారం దోశకు కావాల్సిన ఎండుమిర్చి, ఉల్లిపాయ, వెల్లుల్లి, చింతపండు కారాన్ని మిక్సీలోనే వెయ్యండి. రాయి గరుకుల్లో ఆ ఘాటు పట్టుకుందంటే తర్వాతి వాయి పిండి పసిపిల్లల నోటికి మండుతుంది. ఆదివారం చేపల పులుసు మసాలా కూడా అంతే. (సోమవారం పొద్దున ఆ నిన్నటి పులుసుతో దోశ తినేటప్పుడు మా ఇంట్లో ఎవరికీ చట్నీ గుర్తు రాదు, నాకు ఒక పని తగ్గుతుంది.)

దీంతో పాటు కొబ్బరి కోరేది, చపాతీ పిండి కలిపేది అని రెండు పరికరాలు ఇచ్చారు. పిండి కలిపేది బాగా ఉపయోగపడింది. రాత్రి చపాతీ అనుకుంటే కిలోన్నర పిండి కలపాలి, అది చేత్తో చేసే పని కాదు. కొబ్బరి కోరేది అటక మీద ఉంది.

ఇక రిపేర్లు. ఇన్నేళ్లలో అసలేమీ పోలేదని చెబితే అది అబద్ధం. బెల్టు అరిగితే రబ్బరు వాసన, కింద నల్లటి పొడి కనిపిస్తాయి. పిండి బరువుకు రాయి ఆగి ఆగి తిరుగుతుంది. కొత్త బెల్టు చవకే. ఎండాకాలం సాయంత్రాలు వోల్టేజీ పడిపోయినప్పుడు మోటారు గుయ్‌మని మూలుగుతుంది తప్ప కదలదు. అప్పుడు వెంటనే స్విచ్ ఆపాలి. అట్లాగే వదిలేస్తే వైండింగ్ (మోటారు లోపలి తీగ చుట్టలు) కాలిపోతుంది. వోల్టేజీ సరిగ్గా ఉన్నా అదే మూలుగు వస్తే చాలావరకు కెపాసిటర్ పోయినట్టు. అది చిన్న ఖర్చు. వీటన్నిటికంటే ముఖ్యంగా చూసుకోవాల్సింది డ్రమ్ము మధ్య గొట్టం. అక్కడ అరుగుదల వస్తే లోపలి గ్రీసు నల్లగా పిండిలోకి దిగుతుంది. కడిగేటప్పుడు ఆ చోటును వేలితో తుడిచి చూడటం నాకు అలవాటు. నలుపు అంటితే ఆ రోజు నుంచి బాగయ్యేవరకు వాడను.

మాకు సముద్రం దగ్గర, తుమ్మలపెంట గాలి ఊళ్లోకి వస్తుంది. ఆ ఉప్పుగాలికి రంగు వేసిన ఇనుప స్టాండు కాళ్లు తుప్పు పట్టి పొరలు పొరలుగా లేచాయి. మరిది వెల్డింగ్ షాపులో కొత్త కాళ్లు వేయించి తెచ్చాడు. తీరం వెంబడి ఊళ్లలో ఉండేవాళ్లు ఇంకొంచెం డబ్బు పెట్టి మొత్తం స్టీలు బాడీ ఉన్నదే తీసుకోండి. అమ్మినప్పుడు ఇంటికొచ్చి సర్వీసు చేస్తామన్న షాపు వాళ్లు మొదటిసారి బెల్టు తెగినప్పుడే ఫోను ఎత్తడం మానేశారు. ఆ తర్వాత మా ఊరి మోటారు వైండింగ్ మేస్త్రీయే అన్నీ చూస్తున్నాడు. అందుకని ఏ కంపెనీ అనేదానికంటే మీ ఊళ్లో దాని బెల్టు, రాళ్లు దొరుకుతాయా అన్నది ముందు కనుక్కోండి.

రాళ్లు నునుపెక్కితే రుబ్బే టైం పెరుగుతుంది. పప్పుకు ముప్పావు గంట పడుతోందంటే రాళ్లకు మళ్లీ గాట్లు కొట్టించాలి. కొట్టించిన తర్వాత, అట్లాగే కొత్తది కొన్నప్పుడు, నానిన నూకలు వేసి తిప్పి పారబోయండి. నోట్లో ఇసుక తగలకుండా ఉండేదాకా ఇది మళ్లీ మళ్లీ చెయ్యాలి. మొదటి వాయి పిండి పిల్లలకు పెట్టకండి.

కరెంటు గురించి మామ చాలా భయపడ్డారు. మాది అర హెచ్‌పీ మోటారు. అరగంట తిరిగితే పావు యూనిట్ అటూఇటూ కాలుతుంది. బిల్లులో తేడా కనపడలేదు.

పిల్లలున్న ఇంట్లో కొన్ని విషయాల్లో అసలు రాజీ వద్దు. తిరుగుతున్న రాళ్ల మధ్య చెయ్యి పెడితే వేళ్లు నలిగిపోతాయి. మా ఇంట్లో గ్రైండర్ తిరుగుతున్నప్పుడు ఆ మూలకు పిల్లలు రాకూడదు. స్విచ్ కూడా వాళ్లకు అందనంత ఎత్తులో పెట్టించాం. కొంగు నడుముకు దోపుకుని, జడ ముడేసుకుని గానీ నేను దగ్గరికి వెళ్లను. మూడు పిన్నుల ప్లగ్గు, సరైన ఎర్త్ ఉండాలి, ఎందుకంటే కింద ఎప్పుడూ తడిగానే ఉంటుంది. డ్రమ్ము లాక్ పడిందో లేదో చూసుకున్నాకే స్విచ్ వెయ్యాలి. లాక్ సరిగ్గా పడకపోతే బరువుకు డ్రమ్ము ముందుకు ఒరుగుతుంది. పెద్దమ్మాయికి ఇప్పుడు వాడటం నేర్పించాను, కానీ ఇంట్లో పెద్దవాళ్లు లేనప్పుడు ముట్టుకోవద్దని చెప్పాను.

చోటు ఎక్కువే తీసుకుంటుంది, వంటింటి గట్టు మీద పట్టదు, నేల మీదే ఉండాలి. శబ్దం కూడా ఉంది. పసిబిడ్డ పడుకునే గదికి పక్కనే పెట్టకండి. ధర టేబుల్ టాప్‌కు రెండు మూడు రెట్లు ఉంటుంది. నలుగురున్న ఇంటికి ఈ డబ్బు, ఈ చోటు రెండూ దండగే.

షాపుకు వెళ్లినప్పుడు ఖాళీ డ్రమ్ముతో తిప్పి చూపిస్తే సరిపెట్టుకోకండి. రెండు చెంబుల నీళ్లు పోయించి తిప్పమనండి, మధ్య గొట్టం దగ్గర కారుతుందో లేదో అప్పుడే తెలుస్తుంది. నీళ్లతోనే ఒకసారి మీ చేత్తో వంచి, లేపి, లాక్ వేసి చూడండి. బెల్టు మీద ఉన్న నంబరు రాసుకుని అదే నంబరుది ఇంకొకటి కొని ఇంట్లో పెట్టుకోండి. బెల్టు తెగేది ఎప్పుడూ చుట్టాలు వచ్చిన రోజే.