భీమిలి వైపు పాత పెంకుటిల్లు: సున్నం గార, పెంకు కప్పు, సోలార్ వాడి చూశాక

విశాఖపట్నం దగ్గరి భీమిలి, పద్మనాభం వైపు పల్లెల్లో మట్టిగోడల పెంకుటిళ్లు ఇంకా కనిపిస్తాయి. అలాంటి ఇంటిని కూల్చకుండా కరెంటు తక్కువ కాల్చే ఇల్లుగా మార్చుకోవాలంటే మొదటి రూపాయి గోడకీ కప్పుకీ పెట్టండి, సోలార్ ఆఖర్న. కొన్ని వేసవులూ తుపాను కాలాలూ గడిచాక గట్టిగా చెప్పగలిగే మాట ఇది.

ముందు గోడ. మధ్యలో ఎవరో సిమెంటు ప్లాస్టరింగ్ చేయించి ఉంటే దాన్ని పూర్తిగా చెక్కించేయాలి. పాత గోడకి అడుగున చెమ్మను ఆపే పొర ఉండదు. నేల తడి పైకి పాకుతుంది, సిమెంటు దాన్ని బయటికి ఆరనివ్వదు. దాంతో ఉప్పు పొంగి, నడుమెత్తు దాకా పూత బుడగలెత్తి రాలుతుంది. వాటర్‌ప్రూఫ్ రంగు పూస్తే తడి మరింత పైకెక్కుతుంది. సున్నం గార తడిని ఆరనిస్తుంది.

పాళ్లు: నానిన సున్నం ఒక వంతు, నది ఇసుక మూడు వంతులు. సముద్రపు ఇసుక వద్దే వద్దు, ఉప్పంతా గోడలోకి వస్తుంది. సున్నం గుంటలో కనీసం రెండు వారాలు నానాలి. తొందరపడితే నానని పలుకులు గోడెక్కాక ఉబ్బి గుంటలు పడతాయి. నీళ్లు పోసేటప్పుడు సున్నం కుతకుత ఉడికి చిందుతుంది, కళ్లద్దాలు లేకుండా దగ్గరికి పోవద్దు. ఒక్కో పూత 10-12 మిల్లీమీటర్లు మించకుండా రెండుసార్లు వేయించి, వారం పాటు తడి గోనెలు కప్పాలి. మిట్టమధ్యాహ్నం పూస్తే బీటలు ఖాయం. పైన ఎమల్షన్ (ప్లాస్టిక్ రంగు) వేస్తే చేసిందంతా వృథా. పలచటి వెల్ల మూడు నాలుగు పూతలు చాలు. లోపమూ ఉంది: జల్లు కొట్టే వైపు వెల్ల తరచూ వేయించుకోవాలి, సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరకడమూ కష్టమే.

కప్పుకి బెంగుళూరు పెంకు ఉంటే మార్చకండి. పెంకులు దించి, వాసాలు సుత్తితో తట్టి చూడండి. బోలుగా మోగితే చెద తిన్నట్టే. వాసాల మీద అల్యూమినియం ఫాయిల్ పరిచి, దానిపై వాసాల వెంటే 25 మిల్లీమీటర్ల పట్టీలు కొట్టి, అప్పుడు అడ్డ రీపర్లు (పెంకులు ఆనే సన్న చెక్కలు), పెంకులు. ఆ గాలిసందు లేకుండా ఫాయిల్‌ని పెంకుకి ఆనిస్తే వేడి నేరుగా దిగుతుంది, డబ్బు దండగ. చూరు దగ్గరా కొప్పు దగ్గరా గాలి ఆడే దారి వదిలి, ఎలుకలు దూరకుండా జాలీ కొట్టించండి. ఇలా చేస్తే మధ్యాహ్నపు సెగ బాగా తగ్గుతుంది. సముద్రపు ఉక్క మాత్రం పోదు, ఫ్యాన్ తప్పదు. 75 వాట్ల పాత ఫ్యాన్ బదులు 30 వాట్ల చుట్టుపక్కల తినే బీఎల్‌డీసీ (కరెంటు తక్కువ తినే మోటారు) ఫ్యాన్ పెట్టుకోండి.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను చూసిన ఊళ్లివి. గాలి ముందు చూరు, అంచు, కొప్పు వరుసలనే లేపుతుంది. ఆ వరుసల్లో ప్రతి పెంకునీ స్టెయిన్‌లెస్ స్టీల్ తీగతో రీపరుకి కట్టించాలి. జీఐ (జింకు పూత ఇనుప) తీగ ఉప్పుగాలికి తుప్పుపట్టి తెగుతుంది.

సోలార్‌ని పెంకు కప్పు మీద ఎక్కించకండి. పాత వాసాలు ఆ బరువు మోయలేవు, తుడవడానికి ఎక్కిన ప్రతిసారీ పెంకు పగులుతుంది. పెరట్లో దక్షిణం వైపు 15-18 డిగ్రీల వాలుతో ఫ్రేము నిలపండి. 3 కిలోవాట్లు మంచి ఎండలో రోజుకు 12 యూనిట్ల దాకా ఇస్తాయి. 2024లో మొదలైన కేంద్ర పథకం పీఎం సూర్యఘర్‌లో ఇంటి కప్పు మీది ఆ సైజు సోలార్‌కి 78,000 రూపాయల సబ్సిడీ ప్రకటించారు; పెరటి ఫ్రేముకి వస్తుందో లేదో ముందే కనుక్కోండి. ఫ్రేముకి హాట్ డిప్ గాల్వనైజింగ్ (కరిగిన జింకులో ముంచి వేసే పూత) అడగండి. బిగించే చోట కోసిన కొసలకీ డ్రిల్ చేసిన రంధ్రాలకీ అప్పటికప్పుడే జింక్ పెయింట్ వేయించండి, తుప్పు మొదలయ్యేది అక్కడే.