ఆటోనగర్‌లో ఈసీయూ ట్యూనింగ్: పాత వీఆర్‌ఎస్‌కి మళ్లీ ఊపిరి

సెకండ్ హ్యాండ్‌లో కొన్న మొదటి తరం స్కోడా ఆక్టావియా వీఆర్‌ఎస్ కారు, 1.8 టర్బో. సింహాచలం ఘాట్ ఎక్కితే చాలు, ఇంజన్‌లో టకటకమని నాకింగ్ (పెట్రోల్ అదుపు తప్పి తనంతట తానే మండటం). గాజువాక ఆటోనగర్‌లోని ఈ ట్యూనింగ్ షాపు వాళ్లు ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) పెట్టె విప్పి చూపించారు: ప్రోగ్రాం ఉండే 44 కాళ్ల ఫ్లాష్ చిప్ చుట్టూ చేత్తో పెట్టిన టంకం మరకలు. లోపలి ఫైలు చదివి ఒరిజినల్‌తో పక్కపక్కన పెడితే ఎవరో బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) పెంచి, ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్గు నిప్పురవ్వ కొట్టే సమయం) బాగా ముందుకు జరిపారని తేలింది. అది 98 ఆక్టేన్ పెట్రోల్‌కి రాసిన ఫైలు; ఆక్టేన్ ఎంత ఎక్కువైతే నాకింగ్‌ని అంత తట్టుకుంటుంది. మన బంకుల్లో మామూలు పెట్రోల్ అంతకంటే తక్కువే!

కొత్త ఫైలు ఎక్కించే ముందు బూస్ట్ లీకులు, ప్లగ్గులు చూడటం నాకు చాలా నచ్చింది. గాలి వేడెక్కితే నాకింగ్ పెరుగుతుంది కదా, అందుకే మిట్టమధ్యాహ్నం ఎండలోనే లాగ్ (ఇంజన్ రీడింగుల రికార్డు) తీశారు. ఒరిజినల్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారు. కూర్చోవడానికి చోటు లేదు, బిల్లు ఆలస్యం. అయినా పాత టర్బో కారున్నవాళ్లు ఇక్కడికే వెళ్లండి.